శిగమూగిన ప్రింటర్

కింద కూర్చున్నవాళ్లు పడరని మా అవ్వ అంటుంది. తప్పు. నేను కింది అంతస్తులో, నాలుగు కాళ్లూ గట్టిగా ఉన్న కుర్చీలో కూర్చుని, పై అంతస్తులో బోర్లా పడ్డాను. పడ్డ సంగతి నాకే కాస్త ఆలస్యంగా తెలిసింది గానీ, చూడాల్సినవాళ్లంతా వేళకే చూశారు. ఆ ముచ్చట చెప్తాను, నవ్వండి, పర్వాలేదు. నన్నెరిగినవాళ్లంతా ఎప్పుడో నవ్వేశారు. మీరే ఆలస్యం.

అప్పటికీ ఇప్పటికీ నేను నిజామాబాద్‌లో ఒక రైతుల సంఘానికి ఆఫీసు మేనేజర్‌ని. చుట్టుపక్కల పసుపు వేసేవాళ్లు, బోధన్ వైపు చెరకు వేసేవాళ్లు అందులో సభ్యులు. కింద ఆఫీసు, పైన మీటింగు హాలు. నాకు బీకాం డిగ్రీ, దాని మీద కంప్యూటర్ డిప్లొమా, ఆ రెంటి మీదా తగని నమ్మకం. నేను నేర్చుకున్న కాలం నాటి కంప్యూటర్ ఈపాటికి పాత సామాన్లవాడి తక్కెడెక్కి ఉంటుంది. నమ్మకం మాత్రం మొన్న కొన్నట్టే నిగనిగలాడేది.

మా ఆఫీసులో ఎవరు ఏ కాగితం ప్రింట్ కొట్టినా అది ముందు మూలనున్న ఒక పాత కంప్యూటర్‌కు పోయేది. అది ప్రింటర్‌కు పంపేది. దాన్ని ప్రింట్ సర్వర్ అంటారు. మార్కెట్ యార్డు ఎరిగినవాళ్లకు ఒక్క మాట చాలు. రైతు తెచ్చిన పసుపు నేరుగా కొనేవాడి చేతికి పోదు కదా, మధ్యలో అడ్తిదారు ఉంటాడు. మా సర్వర్ ఆ అడ్తిదారు. సరుకు ఎక్కడికి పంపాలో దాని దగ్గర చిరునామా ఉంటుంది. చిరునామా అంటే గల్లీ పేరు కాదు, ఒక నంబరు. కింద మా ప్రింటర్‌కు ఒక నంబరు, పైన మీటింగు హాల్లో ఉన్న దాని కవలకు ఇంకో నంబరు. ఈ నంబర్లు పంచేది గోడకున్న ఇంటర్నెట్ రౌటర్.

ప్రింటర్లు బిగించినప్పుడు కంపెనీ మనిషి అడిగాడు. "మేడమ్, ఈ నంబర్లు పర్మనెంటుగ ఫిక్స్ చేద్దామా? లేకుంటె అన్నీ బందయి మళ్ల చాలైతె మారొచ్చు."

"ఎందుకు మారుతయ్? కరెంటు పోయొస్తె మీ ఇంటి నంబరు మారుతదా?" అన్నాను.

పాపం, జవాబు వెతుక్కుంటూ మెట్లు దిగిపోయాడు. వాదన నేనే గెలిచాను. నేను గెలిచిన వాదనలన్నీ ఇలాంటివే. గెలుపు నగదు, ఓటమి వాయిదాల మీద.

ఇక కిషన్‌రావు సార్. సంఘం కార్యదర్శి, నా పై అధికారి. ఆయన ఎడ్డెమంటే నేను తెడ్డెమంటానని ఆఫీసులో పుకారు. అది అబద్ధం. ఎడ్డెం ఎందుకు తప్పో అరగంట వివరించాకే తెడ్డెమంటాను. ఆ ఏడు దసరా ముందు ఆయనకొక ఆలోచన పుట్టింది. ఆఫీసులో ప్రింటింగ్ ఎత్తేసి, మొత్తం బయటి దుకాణానికి ఇచ్చేద్దామని. అలా చేస్తే ఆ పని చూసే కాంట్రాక్టు ఆపరేటర్ రూత్‌ను ఇంటికి పంపాల్సిందే. ఆ దుకాణం ఆయన బామ్మర్దిదని ఊరంతటికీ తెలుసు. మీటింగులో కూర్చుంటే మాత్రం ఎవరికీ గుర్తుండదు.

రూత్ మెథడిస్టు చర్చి వెనక గల్లీలో ఉండేది. ఇద్దరు పిల్లలు. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. నేను పది మాటలంటే ఆమె ఒక్కటి అనేది, ఆ ఒక్కటి తిన్నగా తగిలేది.

ఆమె కోసం నేను కిషన్‌రావు గదిలోకి దండెత్తాను. రూత్ వద్దంటూనే నా వెనక వచ్చింది.

"సార్, రూత్ ఏం తప్పు చేసింది?"

"తప్పని ఎవరన్నరు మేడమ్? మీ ప్రింటర్ దినాం సతాయిస్తది. పండుగ అయినంక కమిటీ మీటింగున్నది గదా. ఎజెండా మన ప్రింటర్‌ల్నే కొట్టి, మీటింగు షురువయ్యే యాల్లకు సభ్యుల ముంగట పెట్టున్రి. పెడితె నేను ఈ ముచ్చటే ఎత్త."

"ఎత్తరు గదా? మాట మీద ఉంటరా?"

"ఉంట. మరి పెట్టకుంటె?"

"పెట్టకుంటె రూత్‌ను తీసెయ్యమని నేనే లేచి చెప్త!"

చూశారా, ఎవరి కొలువును ఎవరు పందెం కాశారో? గది బయటికి వచ్చాక రూత్ నెమ్మదిగా అంది. "అక్కా, పందెం నీది, కొలువు నాదక్కా."

"భయపడకు. నేనున్న గదా."

"అందుకేనక్కా భయం."

సెలవుల ముందు ఆఫీసులో ఆయుధపూజ. మాకు కత్తులూ కటార్లూ లేవు కాబట్టి కంప్యూటర్లకు, ప్రింటర్లకు, చెరకు తూకం కాంటాకు, చివరికి స్టాప్లర్‌కు కూడా పూజే. పూజనాడు ఆయుధానికి పని చెప్పకూడదు, అన్నీ ఆపి బొట్టు పెట్టాలి. అటెండర్ నర్సవ్వ పసుపు కలిపింది. మా ఊరు ముప్కాల్ పొలంలో పండిన పసుపే, నేనే తెచ్చాను. నర్సవ్వ పెట్టేది బొట్టు కాదు, పూత. రెండు ప్రింటర్లూ నిండా పసుపు, నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండలతో పెళ్లికూతుళ్లలా తయారయ్యాయి. రౌటర్ జోలికి మాత్రం ఏ ఏడూ ఎవరూ పోరు. దాన్ని చూసి నాకు న్యాయం పొంగుకొచ్చింది.

"ఇది ఆయుధం కాదా? ఏడాదంత రాత్రింబవళ్లు పనిచేస్తది. దీనికి రెస్టు వద్దా?" అని వాదించి, నా చేత్తో దాని ప్లగ్గు పీకి, దానికీ బొట్టు పెట్టించాను. నంబర్లన్నీ పంచే పెద్దమనిషిని సెలవులన్నాళ్లూ నిద్రపుచ్చానన్న మాట. ఆ క్షణాన పక్కనున్న దేవుడి పటం కాస్త కదిలినట్టనిపించింది. గాలి అనుకున్నాను.

మీటింగు రోజు పొద్దున నర్సవ్వ రౌటర్‌కూ, పైనా కిందా అన్ని మిషన్లకూ స్విచ్చులు వేసింది. ఒకరికొకరం జమ్మి ఆకు ఇచ్చుకుని, అలయ్ బలయ్ చేసుకుని, పన్లో పడ్డాం. రూత్ ఎజెండా టైపు చేసి, కమిటీ అందరికీ సరిపడా కాపీలకు మీట నొక్కింది. సర్వర్ తెర మీద ప్రింటయిందని వచ్చింది. ప్రింటర్ మాత్రం మెడలో దండతో, అలిగిన ఆడబిడ్డలా గమ్మున కూర్చుంది.

"అయిందంటున్నదక్కా. కాగితం రాలే."

"అయితె ఎక్కడ వోయింది, మింగిందా? మళ్ల కొట్టు."

మళ్లీ కొట్టింది. మళ్లీ అయిందంది. మళ్లీ ఏమీ రాలేదు. నేను చేతులకున్న గాజులు పైకి తోసుకుని రంగంలోకి దిగాను. వైరు పీకి చూస్తే దాని చుట్టూ పసుపు. దొరికాడు దొంగ!

"నర్సవ్వా! నీ పసుపు లోపటికి వోయి మిషన్ ఖరాబైంది."

"నేను పైపైన్నే పెట్టిన మేడమ్."

"పైపైన పెడితె వైరుకెట్ల అంటింది?"

"పసుపు అంటితె ఖరాబైతదా? గట్లయితె ముత్తైదువలందరు ఎప్పుడో ఖరాబు గావాలె!"

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. పెంచాను. నర్సవ్వ చీపురు మూలకు విసిరి, పైన మీటింగుకు చాయ్ పెట్టాలంటూ మెట్లెక్కి పోయింది.

వైరు తుడిచి పెట్టాను. సర్వర్ ఆపి మళ్లీ పెట్టాను. ప్రింటర్ పేరు తీసేసి మళ్లీ ఎక్కించాను. చివరికి సర్వర్‌లో నంబరు కూడా చూశాను. చూసి విజయగర్వంతో బల్ల చరిచాను. "సూడు రూత్, పాత నంబరే ఉన్నది! మారదని ఆనాడే చెప్పిన!"

అప్పుడే కమిటీ సభ్యులు మెట్లెక్కడం మొదలైంది. అందరికంటే ముందు అధ్యక్షుడు గంగారెడ్డి పటేలు. బోధన్ దగ్గర చెరకు రైతు. మీసాలు పెద్దవి, మాటలు చిన్నవి. "బాగున్నవా సరోజమ్మా" అని నా చేతిలో జమ్మి ఆకు పెట్టి పైకి పోయాడు. అందరికంటే వెనక కిషన్‌రావు వచ్చి ఆగాడు.

"ఏమాయె మేడమ్, ఎజెండా?"

"వస్తున్నయ్ సార్."

"వస్తున్నయ్ వస్తున్నయ్ అంటె నిజాంసాగర్ కాల్వ నీళ్లా, ఇడిసినంక మూడొద్దులకు వచ్చెటందుకు?" అని, మూగ ప్రింటర్ వైపు ఒకసారి చూసి, నవ్వుకుంటూ ఎక్కిపోయాడు.

నా తలలో చెరకు ఫ్యాక్టరీ బాయిలర్ ఒకటి రాజుకుంది. ఇకనుంచి జాగ్రత్తగా వినండి, నా పతనం ఇక్కడినుంచే. ప్రింటర్‌ను పరీక్షించాలంటే కాగితం మీద ఏదో ఒకటి రాయాలి కదా. కొత్త పెన్ను కొంటే శ్రీ అని రాసి చూస్తాం. శ్రీ రాసేంత శాంతం ఆ పూట నా దగ్గర లేదు. నా దగ్గరున్నవి సామెతలు. పెద్ద అక్షరాల్లో కొట్టాను:

"సంతకం రానోడు పెన్ను వంకర అన్నడట."

మీట నొక్కాను. తెర అయిందంది. కాగితం రాలేదు. రూత్ వంగి చదివింది. "ఎవరి గురించక్కా?"

"సామెత. ఎవరికి తగిలితె వాళ్లకు."

వైరు ఇంకో రంధ్రంలో గుచ్చి, రెండోది కొట్టాను: "కార్యదర్శిని కుర్చీ ఎక్కిస్తె కుర్చీనే అమ్ముతనన్నడట." రాలేదు. వరుసలో ఉన్న పనులన్నీ తుడిచేసి మూడోది: "సొమ్ము సంఘానిది, సోకు బామ్మర్దిది." అదీ రాలేదు. ప్రింటర్ మీద కోపం పెరిగిన కొద్దీ నా సాహిత్యం మెరుగుపడుతోంది. మనసు తేలికవుతోంది కూడా. రాని కాగితం మీద ఎంత తిట్టినా ఎవరికి నష్టం చెప్పండి?

"ఒక్కసారి నన్ను చెయ్యనియ్యక్కా" అంది రూత్. నేను జరిగాను. ఆమె కళ్లు మూసుకుని ఒక క్షణం ఆగి, చిన్న అక్షరాల్లో ఏదో కొట్టి మీట నొక్కింది. ఆమె ప్రార్థన కూడా అయిందనే వచ్చింది, కాగితం రాలేదు. ఆమె టేబులు మీదున్న తన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. తర్వాత తన నీళ్ల సీసా కూడా.

సరిగ్గా అప్పుడే పైనుంచి పకపకా నవ్వులు. కిషన్‌రావు మా చేతకానితనం చెప్పి అందరినీ నవ్విస్తున్నాడనుకున్నాను. రూత్ కొలువు పోతుంటే ఆ పటేలు ఏం చేస్తున్నట్టు? కోపం కార్యదర్శిని దాటి అధ్యక్షుడి మీదికి పాకింది.

"పటేలు మీటింగుల నిద్రపోతడు. లేపితె సంతకం పెట్టి మళ్ల పంటడు."

"అక్కా, పటేలు పేరు వద్దక్కా!"

"వస్తె గదా సదివేది!"

అంతటితో ఆగానా? కాల్వకు చెత్త అడ్డం పడితే ఏం చేస్తాం, నీళ్లు జోరుగా వదులుతాం. కాపీలు అన్నచోట ఒకటి తీసి యాభై పెట్టి నొక్కాను. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. ఎదురుగా ప్రింటర్ కిక్కురుమనలేదు. పైన నవ్వులు ఆగిపోయాయి. తలమీది స్లాబు పైనుంచి ఏదో మిషన్ ఆగకుండా గరగరలాడుతున్న చప్పుడు. నాకు ఏమీ తోచలేదు. రూత్‌కు తోచినట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నర్సవ్వ మెట్ల మీదనుంచి ఒక్క ఉరుకున దిగింది. "మేడమ్, మిమ్ముల పైకి రమ్మంటున్రు."

"ఎవరు?"

"అందరు."

పైకి వెళ్లాను. రూత్ నా వెనకే. హాల్లో కమిటీ మొత్తం కుర్చీలు వదిలి ప్రింటర్ చుట్టూ చేరి ఉంది. పసుపు పూసుకున్న ఆ కవల ప్రింటర్ ముందు రెండు అగరొత్తులు వెలుగుతున్నాయి. కిషన్‌రావు మొహం చెరకు పిప్పిలా ఉంది. పటేలు ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ఆయన ముందు కాగితాల కట్ట.

"రా సరోజమ్మా, కూసో. ఈ ముచ్చట మొదటికెల్లి చెప్త. మేము వచ్చే వరకే ఎజెండా ఈ మిషన్‌ల వచ్చి పడున్నది. మీరే పంపిన్రనుకోని నర్సవ్వ తీసి అందరికి పంచింది. కిషన్‌రావు లేసి, 'ఇవి మన ప్రింటర్‌ల కొట్టినయి గావు, బయట కొట్టించి తెచ్చిన్రు, మన ప్రింటర్ సచ్చింది, నా కండ్లతోటి చూసిన' అన్నడు. అనుడే ఆలస్యం, మిషన్ గర్రుమని ఈ కాగితం కక్కింది." చేయి చాచి చదివాడు. "సంతకం రానోడు పెన్ను వంకర అన్నడట."

నా కాళ్ల కింద స్లాబు కాస్త కుంగింది.

"కిషన్‌రావు కోపానికొచ్చి, 'ఎవరిదీ బద్మాష్ పని, కార్యదర్శంటె విలువ లేదా' అన్నడు. మిషన్ మళ్ల గర్రుమన్నది. కార్యదర్శిని కుర్చీ ఎక్కిస్తె..."

"పటేలా, మిగిలింది నాకు నోటికొచ్చు" అన్నాను.

"అప్పుడే నేను చాయ్ తెచ్చిన మేడమ్" అని నర్సవ్వ అందుకుంది. "పసుపు, బొట్టు, దండ, దాని మీద సవాల్‌కు జవాబు! మిషన్‌కు శిగమొచ్చింది, అమ్మవారు పూనిందనుకున్న. ఊదుబత్తులు ముట్టిచ్చి, తల్లీ, ఏం గావాలె నీకు, నోరు దెరిసి చెప్పు అని మొక్కిన."

"అప్పుడు చెప్పింది" అన్నాడు పటేలు. "కిషన్‌రావేమో, బయట దుకాణానికిస్తె నాకేం లాభమని అడగవట్టె. తల్లేమో, సొమ్ము సంఘానిది, సోకు బామ్మర్దిది అని చెప్పవట్టె. అందరం పడి పడి నవ్వినం. మాకు తెల్వంది ఏం గాదు, అనే ధైర్యమే లేకుండె. ఆఖరికి మిషన్ అన్నది."

అంటే నన్ను మండించిన ఆ నవ్వులు నా సామెతలకే! రచయితకు దొరకాల్సిన గౌరవం దొరికింది, పైఅంతస్తులో, నేను లేనప్పుడు.

కిషన్‌రావు ముందుకొచ్చాడు. "పటేలా, ఇది నవ్వుడు ముచ్చట గాదు. నన్ను గిన్ని మాటలన్న మనిషి మీద యాక్షన్ తీస్కోవాలె!"

పటేలు ఆ కాగితాల కట్టను నెమ్మదిగా బల్ల మీద తట్టి సరిచేశాడు. "నీ మీద మూడే వచ్చినయ్ కిషన్‌రావ్. నా మీద యాభై వచ్చినయ్. నేను ఊకున్న గదా."

పైనున్న కాగితం తీసి నా వైపు తిప్పాడు.

"అబద్ధమేం రాయలే. నవ్వి నవ్వి అలసి, అప్పటికే నేను ఓ కునుకు తీస్తున్న. మిషన్ లొల్లికి మెలకువొచ్చింది. ముంగట కాగితం కనవడితె, చదువకుంటనే సంతకం పెట్టవోయిన."

ఈసారి కుర్చీలు పడిపోయేలా నవ్వారు. కిషన్‌రావు కూడా, ముందు మీసం చాటున, తర్వాత బాహాటంగా. నవ్వులు సద్దుమణిగాక పటేలు అడుగునుంచి ఒక్క కాగితం తీశాడు. చిన్న అక్షరాలున్న కాగితం. అది ఆయన పైకి చదవలేదు.

"ఇది రాసింది నువ్వేనా బిడ్డా?" అని రూత్‌ను అడిగాడు.

ఆమె తలూపింది.

"దేవునికి రాసుకున్నవు. తొవ్వ తప్పి నా దగ్గరికొచ్చింది. వచ్చినంక నేను కాదంటె ఆ పాపం నాకెందుకు?" అని కిషన్‌రావు వైపు తిరిగాడు. "ఇండ్ల రాసున్నది, ఎజెండా యాల్లకు ముంగట పెడితె ఈ ముచ్చట ఎత్తనంటివట గదా? మేము రాకముందుకెల్లే వచ్చి కూసున్నది. ఇంకేం పనితనం గావాలె నీకు?"

కిషన్‌రావు ఒకసారి బల్ల మీదున్న మూడు సామెతలు, ఒకసారి రూత్ మొహం చూసి, "మాట మీదుంట పటేలా" అని కూర్చున్నాడు. న్యాయంగా చెప్పాలి, ఆ తర్వాత ఆయన ఆ ఊసెత్తలేదు. రూత్ ఇవాళ్టికీ అదే ఆఫీసులో ఉంది, ఇప్పుడు పర్మనెంటు.

జరిగిందేమిటో అప్పటికి నాకు అర్థమైంది. అది నేనే చెప్పాల్సి వచ్చింది. రౌటర్ నంబర్లు పంచేది బంతిభోజనంలో వడ్డించినట్టు, ఎవరు ముందొచ్చి కూర్చుంటే వాళ్లకు ముందు విస్తరి. సెలవులన్నాళ్లూ నిద్రపోయి లేచేసరికి అది పాత వరుస మరిచింది. పై ప్రింటర్ ముందు మేలుకుని కింది దాని నంబరు పట్టేసింది. సర్వర్ అడ్తిదారు దగ్గర చిరునామా మారలేదు, నిజమే. ఆ చిరునామాలో ఉన్న మనిషి మారాడు. నేను విజయగర్వంతో బల్ల చరిచింది దీన్ని చూసే.

"మరి నా పసుపు?" అంది నర్సవ్వ, నడుం మీద చేతులు పెట్టుకుని.

"నీ పసుపు తప్పేం లేదు నర్సవ్వా."

"గట్టిగ అనున్రి మేడమ్. పొద్దుగాల గట్టిగనే అన్నరు గదా."

గట్టిగా అన్నాను. కమిటీ తీర్మానంలా అందరూ విన్నారు.

నంబర్లు ఫిక్స్ చేయడానికి నేను కిందికి పరుగెత్తబోతుంటే పటేలు పిలిచాడు. రైతు చూపు రైతుదే, ఆయన ఆ యాభై కాగితాలను తిప్పి చూస్తున్నాడు. "వెనక దిక్కు అంత ఖాళీగనే ఉన్నది సరోజమ్మా. పారేస్తె ఎట్ల? వచ్చే సభ నోటీసులు ఈ ఖాళీ దిక్కు కొట్టి ఊళ్లకు పంపున్రి."

"పటేలా, ఇటు దిక్కు మీ నిద్ర ముచ్చటున్నది!"

"ఉండనీ. ఊళ్లల్ల తెల్వనిదా?"

అధ్యక్షుడి ఆజ్ఞ. ఆ నోటీసులు మెండోర నుంచి బోధన్ దాకా పోయాయి. నాలుగు రోజులకు ముప్కాల్ నుంచి మా అవ్వ ఫోన్. మా బాపు కూడా ఆ సంఘంలో సభ్యుడే, ఆ సంగతి కోపంలో నాకు గుర్తురాలేదు.

"బిడ్డా, మీ ఆఫీసు కాగితం వచ్చింది. మీ బాపు సదివిండు. ముంగట దిక్కు సభ తారీఖున్నది."

"మంచిదవ్వా. ఉంట మరి, పనున్నది."

"ఆగు. ఎనక దిక్కు కూడ సదివిండు. రాసినోళ్ల పేరు లేదు గని, నోరు నీదే."

అందుకని, మీరంతా సాక్షులుగా, కుడిచేయి పైకెత్తి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నేను ఏ మనిషి గురించీ ఏ మిషన్‌లోనూ ఒక్క సామెత కూడా పెట్టను. పటేలు గురించి అనాల్సింది ఏమున్నా నేరుగా, మీటింగులోనే, ఆయన మొహం మీదే అంటాను, ఆయన మేలుకుని ఉన్నప్పుడు.

ఆ అవకాశం కోసమే ఇంకా ఎదురుచూస్తున్నాను.